లిస్పులో సంధికార్యం

సంధి తెలియనివారికి వ్యాకరణం పట్టుబడదని తరగతిలో చెప్పుకుంటాం. కంప్యూటరు ప్రోగ్రాము విషయంలోనూ ఇది సత్యమే. కంపైలరు పదాలను సిద్ధం చేస్తే, వాటికి సంధి చేసేది లింకరు. 1948లో మన విశాఖలో జలప్రవేశం చేసిన 'జల ఉష' నౌక వలె, విడివిడి భాగాలు ఒక్కటై నిలిచినపుడే ప్రోగ్రాము నడుస్తుంది. కాని ఈ చివరి ఘట్టానికి ప్రయోగశాలల్లో దక్కుతున్న గౌరవం స్వల్పం. బటను నొక్కితే సర్వం దానంతటదే జరుగుతుందన్న భ్రమ విద్యార్థులలో బలపడుతున్నది.

1958లో జాన్ మెకార్తీ రూపకల్పన చేసిన లిస్పు ఇక్కడ మంచి గురువు. ఆ కుటుంబానికి చెందిన చికెన్ స్కీము, ఇ.సి.ఎల్. అనే సాధనాలు మన ప్రోగ్రామును ముందుగా సి భాషలోకి మార్చి, ఆపై సి కంపైలరును, లింకరును తామే పిలుస్తాయి. తెర వెనుకనున్న లింకరుకు మన మాట చేరడానికి ఒక ద్వారం కావాలి. దాని గుండా పంపే ఆదేశాలే లింకరు ఫ్లాగులు. వ్యాకరణ పరిభాషలో ఇవి వికల్పాలు. 'ఏమి', 'అంటివి' కలిసి 'ఏమంటివి' కావచ్చు, 'ఏమియంటివి' కావచ్చు, ఎంపిక వక్తది.

చికెన్ స్కీములో '-ఎల్' గుర్తు తరువాత ఖాళీ విడిచి వ్రాసిన ఆదేశం నేరుగా లింకరుకు చేరుతుంది. ఖాళీ లేకుండా డైరెక్టరీ పేరు చేరిస్తే, లైబ్రరీలను అక్కడ వెదకమని అర్థం. ఒక్క ఖాళీతో అర్థమే మారుతున్నది! ఇ.సి.ఎల్.లో ఈ ఆదేశాలను లిస్పు చలరాశులలోనే ఉంచవచ్చు. ఎస్.బి.సి.ఎల్. మార్గం వేరు. అది తానే యంత్రభాషను సృష్టించి, నడుస్తున్న స్థితినంతటినీ ఫైలుగా భద్రపరుస్తుంది. అక్కడ సాధారణంగా లింకరు ప్రసక్తి రాదు.

ఇంత సూక్ష్మం విద్యార్థికెందుకని కమిటీ పెద్దలు అడుగవచ్చు. తన యంత్రంపై చక్కగా నడిచిన ప్రోగ్రాము పరీక్షకుని యంత్రంపై 'లైబ్రరీ దొరకలేదు' అంటూ ఆగిపోతే, ఏడాది శ్రమ వృథా అవుతుంది. లైబ్రరీని ప్రోగ్రాము వెంట ఉంచి, దానిని ఎక్కడ వెదకవలెనో ప్రోగ్రాములోనే నమోదు చేసే 'ఆర్‌పాత్' ఫ్లాగు తెలిసిన విద్యార్థికి ఆ గతి పట్టదు.

సౌకర్యం కోసం లింకరును దాచే సాధనాన్ని మేము తప్పుపట్టము. ద్వారం మూసివేయడాన్నే తప్పుపడతాము. ద్వారం తెరచి ఉన్నా దాని జాడ చెప్పని చదువు అంతకంటె లోపభూయిష్టం. కనుక వారానికొక ప్రయోగ తరగతిలోనైనా బటను విడిచి, కమాండ్ లైనుపై విద్యార్థులచేత స్వయంగా సంధి చేయించవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాము. విసంధి దోషం కావ్యానికే కాదు, ప్రోగ్రాముకూ ఉన్నది.