నట్టు విప్పిన పనిముట్టుతో పెరుగన్నం తినవచ్చా?

మీలో కొందరి జేబుల్లో ఒక చిత్రమైన పనిముట్టు ఉంటుంది. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది. విప్పితే పటకారు, చాకు, ఆకురాయి, స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసే కొక్కెం, అన్నీ అందులోనే. ఇన్ని పనులు చేసే దానికి అన్నం తినే చెంచా కూడా ఒకటి తగిలిస్తే పోలేదా? తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే బండిలో ఒక తొమ్మిదో తరగతి కుర్రవాడు నన్ను ఈ ప్రశ్న అడిగాడు. అడగడమే కాదు, తాను చేసిన చెంచాను తీసి చూపించాడు కూడా.

ఇంటికప్పుకు వేయగా మిగిలిన జింకుపూత రేకు ముక్కను గుంటగా కొట్టాడు. స్క్రూడ్రైవరు మీదికి ఎక్కేటట్టు చిన్న గొట్టం చుట్టాడు. రెంటినీ రేడియోలు బాగుచేసే టంకంతో అతికించాడు. పనితనం ముచ్చటగా ఉంది. దానితోనే వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర తినబోతుంటే వద్దన్నాను. "ఏం మాస్టారూ, గట్టిగానే ఉందిగా!" అన్నాడు. బండి వేమూరు దాటేదాకా మా వాదన సాగింది. నా పక్షం మీకూ చెబుతాను. ఎవరిది న్యాయమో మీరే తేల్చండి.

ముందు వాడి పక్షాన ఒక మాట. వాడి ఆలోచన వింతదేమీ కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియం అని ఒకటుంది. అందులో సుమారు 1,800 ఏళ్ళనాటి రోమన్ల మడత పనిముట్టు ఉంది. వెండితో చేసిన ఆ పనిముట్టులో చెంచా, మూడు ముళ్ళ ఫోర్కు, చాకు, పుల్లలాంటి మొన, అన్నీ మడుచుకుని ఉంటాయి. అంటే మడత పనిముట్టు ఆనాడే భోజనానికి పనికివచ్చిందన్నమాట! తరువాత 1891లో కార్ల్ ఎల్సెనర్ స్విస్ సైనికులకు మడతకత్తులు సరఫరా చేయడం మొదలుపెట్టాడు. డబ్బాలు తెరవడం, తుపాకీ భాగాలు విప్పడం వాటి పని. 1983లో అమెరికాలో టిమ్ లెదర్‌మన్ పటకారుతో కూడిన పనిముట్టును అమ్మకానికి తెచ్చాడు. ఈ రెంటిలోనూ చెంచా లేదు. వాళ్ళకు తోచక కాదని నా అభిప్రాయం. రోమన్ల పనిముట్టు భోజనానికే పుట్టింది, అది నట్లు విప్పలేదు. మన జేబులోనిది పొద్దున సైకిలు గొలుసును, మధ్యాహ్నం బ్యాటరీ కొనను పట్టుకుంటుంది. బ్యాటరీ కొన మీద ఉండేది సీసం.

ఇక కుర్రవాడి చెంచా సంగతి. రేడియో పనికి వాడే పాత రకం టంకంలో వందకు 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. 183 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే కరుగుతుంది కనుక పని సులువు. కాని ఆ సీసం చింతపండు పులుసులోని ఆమ్లానికి కొద్దికొద్దిగా కరిగి అన్నంలో కలుస్తుంది. కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. సీసం ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎదిగే పిల్లల మెదడుకు మరీ చెరుపు. ఇంతవరకు సీసం ఫరవాలేదు అని చెప్పగల పరిమాణమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. రేకు మీది జింకు కూడా పులుపుకు కరిగేదే. ఎక్కువైతే వాంతులు, కడుపునొప్పి.

మన అమ్మమ్మలకు ఈ రసాయనశాస్త్రం వంటింట్లోనే తెలుసు. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే అందులో పులుసు కాచేవారు కాదు. కళాయి అంటే తగరపు పూత. రాగి, ఇత్తడి పులుపుకు తగలకుండా అడ్డుగోడ అన్నమాట. ఆ తెలివి మనం గిన్నెలతోపాటే పాత సామాన్లవాడికి అమ్మేసుకున్నామేమో!

తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు కుటుంబం వారు తుక్కు ఇనుముతో, పాత నట్లు, బోల్టులతో ఎత్తయిన విగ్రహాలు చేస్తారు. ఎక్కడిదో తెలియని ఇనుము విగ్రహానికి బంగారమే. నోట్లో పెట్టుకునే వస్తువుకు మాత్రం దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

"అయితే స్టీలు చెంచానే కోసి తగిలిస్తాను" అన్నాడు వాడు. మంచి మాటే. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రెయర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజనుతో కలిసి పైన పలచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. మంచి చెంచాల్లో క్రోమియం సుమారు 18 పాళ్ళు ఉంటే, పదును నిలవాల్సిన మడత పనిముట్లలో సాధారణంగా 13 పాళ్ళే ఉంటుంది. బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రానికి వెళ్ళివచ్చిన పనిముట్టును నాలుగు రోజుల తరువాత విప్పి చూడండి. కీలు దగ్గర గోధుమరంగు చుక్కలు! ఉప్పునీటిలోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ తినేస్తుంది. ఆ కీలులోనే పెరుగు మెతుకు కూడా ఇరుక్కుంటే ఏమవుతుందో చెప్పాలా? కడగడానికి వేలు దూరదు. నూనె వేస్తే అది యంత్రాల నూనె.

అందుకే నేననేది, చెంచా లోపల మడిచేది కాకూడదు. తొడిగేది, ఊడదీసి విడిగా కడుక్కునేది కావాలి. దానికి లోహం ఎందుకు? కొబ్బరిచిప్ప లేదా? చిప్పగరిటెతో పులుసు వడ్డించిన దేశం మనది.

మందమైన ముదురు చిప్ప తీసుకోండి. దాని మూడు కళ్ళున్న వైపు వదిలేసి, కోడిగుడ్డు ఆకారంలో ఒక ముక్కను, వెనక రెండంగుళాల తోకతో సహా రంపపు బ్లేడుతో కోయండి. పైన పీచంతా గీకి, గరుకు కాగితంతో అంచులు నున్నగా రుద్దండి. ఈ రుద్దడంలో తొందర పనికిరాదు, పెదవి తగిలేది అక్కడే. దుమ్ము పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. 15 సెంటీమీటర్ల వెదురు బద్ద కొనను చీల్చి (ఈ పని పెద్దవాళ్ళతో చేయించండి), చిప్ప తోకను అందులో ఇరికించి, రెండు చిన్న వెదురు మేకులు దిగగొట్టండి. బంకలు, వార్నిషులు వద్దే వద్దు. బద్ద రెండో కొనలో స్క్రూడ్రైవరు రేకు బిగుతుగా దిగే చీలిక చేసి, ఆ చీలిక చుట్టూ పురికొస దగ్గరదగ్గరగా చుట్టండి.

ఎంత బిగువు కావాలి? చెంచాడు అన్నం 20 గ్రాములనుకుందాం. అది 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది, పట్టు 2 సెంటీమీటర్లే. తులాదండం లెక్క ప్రకారం ఆ పట్టు మీద 150 గ్రాముల బలం పడుతుంది. పురికొస చుట్టకపోతే వెదురు చీలిపోయేది అందుకే. చెంచా బరువు స్క్రూడ్రైవరును తెరిచిన వైపుకే నొక్కేటట్టు పట్టుకోండి, లేకపోతే పులిహోర ఒళ్ళో పడుతుంది! తినేటప్పుడు చాకు మూసే ఉండాలి. ఈ పనిముట్టును బడికి తీసుకుపోవద్దు.

ఫోర్కు సంగతి కుర్రవాడు అడిగాడు, నేను పట్టించుకోలేదు. మన అన్నానికి ఫోర్కుతో పనేమిటి? ఇక ముంజకాయకు బొటనవేలిని మించిన పనిముట్టు రోమన్లు కూడా చేయలేదు.

వాడు చివరకు రేకు చెంచాను సంచిలో వేసి చేత్తోనే తిన్నాడు. భట్టిప్రోలు రాకముందే నన్ను మరో ప్రశ్నతో పట్టుకున్నాడు: "తడిస్తే వెదురు ఉబ్బుతుంది కదా, మరి పట్టు బిగుస్తుందా, వదులవుతుందా?" వెదురు ఉబ్బుతుంది, పురికొస తడిస్తే బిగుస్తుంది. ఆరినప్పుడు రెండూ సడలుతాయి. పది సార్లు తడిపి ఆరబెట్టాక ఆ పట్టు ఎన్ని గ్రాములకు ఊడిపోతుందో తూకపురాళ్ళు కట్టి చూడమన్నాను. మీరూ చూసి మాకు రాయండి.