కొత్త తీగలు వెంటనే శ్రుతిలో నిలవవు



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలోని ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది. "అయ్యగారూ, ఆ తమ్ముడు తాగుడు మాని మందిరానికి రావడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు దాటింది గదా. ఇంకా సాక్ష్యం చెప్పించరేంటి? నలుగురూ వింటే దేవునికే గదా మహిమ?"

ఆ తల్లి మంచి మనసుతోనే అడిగింది. ఈ ప్రశ్న మీలో చాలామందికి ఉందని నాకు తెలుసు. మహాసభల్లో అతన్ని నిలబెడదామని ఇద్దరు పెద్దలు కూడా అన్నారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మీకందరికీ చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. ఆ సహోదరుని అడిగి, అతను సరే అన్నాకే ఇది రాస్తున్నాను.

నా జవాబు ఒక పాత పియానో దగ్గర మొదలవుతుంది. కాస్త ఓపిక పట్టండి.

నేను సెమినరీలో చదువుకునే రోజుల్లో మా చాపెల్లో ఒక పియానో ఉండేది. ఎప్పుడో మిషనరీ దొరల కాలంలో ఓడ మీద వచ్చిందట. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. ఉప్పు గాలికి తీగలు తుప్పు పట్టాయి. వానాకాలం వస్తే చెక్క ఉబ్బి మెట్లు నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయేవి. లోపలి ఫెల్టు గుడ్డను చిమ్మటలు తినేశాయి. పైకి మాత్రం ఏటా క్రిస్మస్‌కు వార్నీషు వేసేవాళ్ళు. నల్లగా నిగనిగలాడేది. దాని మీద పూలకుండీ పెట్టేవాళ్ళం.

పియానో అంటే తెలియనివారికి రెండు మాటలు. 1700 ప్రాంతంలో ఇటలీ దేశపు ఫ్లోరెన్సు నగరంలో బార్తొలొమేయో క్రిస్తోఫోరి అనే పనివాడు దీన్ని మొదట తయారుచేశాడు. మన హార్మోనియంలో గాలి పలుకుతుంది. పియానోలో తీగ పలుకుతుంది. మెట్టు నొక్కితే లోపల ఫెల్టు చుట్టిన చిన్న సుత్తి లేచి తీగను కొట్టి వెనక్కు పడుతుంది. ఇప్పటి పియానోకు 88 మెట్లుంటాయి. తీగలు మాత్రం 230 దాకా ఉంటాయి, ఎందుకంటే పై స్వరాల్లో ఒక్కో మెట్టుకు మూడేసి తీగలు. ఒక్కో తీగ 70, 80 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుగా ఉంటుంది. అన్నీ కలిపితే 16 నుంచి 20 టన్నులు. నిండా ఇసుక పోసిన లారీ అంత బరువు ఆ పెట్టెలో రాత్రింబవళ్ళు లాగుతూనే ఉంటుంది. అందుకే లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది. 1825లో అమెరికాలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు చెక్క చట్రాలు ఆ లాగుడుకు వంగిపోయేవి.

మా ప్రిన్సిపాలుగారు ఒక ఏడు ఎలాగో డబ్బు కూడబెట్టి, మద్రాసు నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. మేమందరం ఆయనను మాస్టారు అనేవాళ్ళం, ఆయన మమ్మల్ని తంబీ అనేవాడు. సామాన్లు మోయడానికీ దీపం పట్టుకోవడానికీ నన్ను ఆయన దగ్గర పెట్టారు. ఆరు వారాలు ఆయన పక్కనే ఉన్నాను. ఆ ఆరు వారాల్లో నేర్చుకున్నది ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదనిపిస్తుంది.

ఆయన మొదట చేసిన పని పూలకుండీ తీసి కిందపెట్టడం. తర్వాత పై చెక్కలు విప్పాడు. మెట్లన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా పేర్చాడు. మొదటి మెట్టు పక్కన పెన్సిలుతో రాసిన పేర్లు కనబడ్డాయి, పక్కన సంవత్సరాలు. ముందు తరాల్లో ఈ పియానోను విప్పి బాగుచేసినవాళ్ళు రాసుకున్నవట. "నాకన్నా ముందు ఎంతమంది దీని మీద చెయ్యి వేశారో చూడు తంబీ" అన్నాడు.

పాత తీగలు తీసేటప్పుడు నేను తొందరపడ్డాను. కట్టర్‌తో టకటకా కత్తిరించేద్దామా అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఒక పక్కనే లాగుడు ఒక్కసారిగా పోతే మిగతా పక్క బరువంతా చట్రం మీద వంకరగా పడుతుందట. అందుకని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొంచెం కొంచెం సడలిస్తూ, మళ్ళీ మొదటికొచ్చి ఇంకొంచెం సడలిస్తూ పోయాడు. పాడైపోయిన తీగను తీయడానికి కూడా నెమ్మది కావాలని అప్పుడే తెలిసింది.

తర్వాత సౌండ్‌బోర్డు చూశాడు. తీగల వెనక స్ప్రూస్ కర్రతో చేసిన పలుచని పలక అది. పియానోకు గొంతు అదే. దానిలో రెండు పగుళ్ళున్నాయి. పలక పారేస్తారేమో అనుకున్నాను. ఆయన పగులును శుభ్రం చేసి, అదే జాతి కర్రను సన్నగా చీల్చి, పగులులోకి దించి అతికాడు. సుత్తుల ఫెల్టు మాత్రం పనికిరాదని మొత్తం మార్చాడు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో చేత్తో తడిమి, చెవి ఆనించి తేల్చేవాడు. "అంతా పారేసేవాడు పనివాడు కాదు, ఏదీ పారేయనివాడూ పనివాడు కాదు" అనేవాడు.

కొత్త తీగలు ఎక్కించాక శ్రుతి చేయడం మొదలైంది. ఇక్కడే నేను చెప్పదలచుకున్నది ఉంది. కింది స్వరాలు బిగించి పైకి వెళ్ళి, తిరిగి వచ్చి చూస్తే కింది స్వరాలు మళ్ళీ దిగిపోయి ఉండేవి. తీగల బరువు పెరిగేకొద్దీ సౌండ్‌బోర్డు అణుగుతుంది, అది అణిగితే ముందు బిగించినవి సడలుతాయి. పైగా కొత్త తీగ సాగుతుంది. అందుకే ఆయన ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా తిరిగాడు. వెళ్ళేముందు ప్రిన్సిపాలుగారితో చెప్పాడు: "మొదటి సంవత్సరం నాలుగైదు సార్లు శ్రుతి చేయాలి. దిగిపోతుంది. దిగిపోయిందని కంగారుపడొద్దు. ప్రస్తుతానికి పెద్ద కార్యక్రమాలకు వాడొద్దు."

మేము విన్నామా? పది రోజుల్లో వార్షికోత్సవం. బయటి నుంచి పెద్దలు వస్తున్నారు. ఇంత డబ్బు పోసి బాగుచేయించాం, చూపించకపోతే ఎలా అనుకున్నాం. నిండు సభలో రెండో పాట దగ్గరే అపశ్రుతి మొదలైంది. గాయకబృందం ఒక దారి, పియానో ఒక దారి. తలవంపులయింది. ఆ సాయంత్రం మేమందరం ఎవరిని తిట్టుకున్నామో చెప్పనా? మాస్టారును. డబ్బు దండగ అన్నాం. ఆ పాత పెట్టె ఎన్నటికీ బాగుపడదని తీర్మానించాం. మూడు నెలల తర్వాత ఆయన చెప్పిన మాట ప్రకారం వచ్చి మళ్ళీ శ్రుతి చేశాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "తీగ తన పని తాను చేసింది తంబీ, మీరే తొందరపడ్డారు" అన్నాడంతే. ఏడాది తిరిగేసరికి ఆ పియానో నిలబడింది.

ప్రియులారా, సంఘంలోకి తిరిగి వచ్చిన మనిషి విషయంలో మనం చేస్తున్నది ఇదే కాదా?

ఇరవై ఏళ్ళు తాగిన మనిషి తాగుడు మానితే లోపల ఎంత లాగుడు ఉంటుందో ఆలోచించండి. ఇంట్లో భార్యకు నమ్మకం రాలేదు. పిల్లలు తండ్రి కంఠం వింటే ఇంకా బెదురుతున్నారు. అప్పులవాళ్ళు గుమ్మం దగ్గరే ఉన్నారు. ఒకటి బిగిస్తే ఒకటి సడలుతుంది. ఆ స్థితిలో మనం అతనికి తెల్లచొక్కా వేసి, చేతికి మైకు ఇచ్చి, వెయ్యిమంది ముందు నిలబెడతాం. హల్లెలూయ అంటాం. రేపు అతని స్వరం దిగితే? "మేమప్పుడే అనుకున్నాం" అంటాం.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. పన్నెండేళ్ళ కిందట, వేరే ఊళ్ళో సేవ చేస్తున్నప్పుడు, ఇలాంటి సహోదరుణ్ణే రక్షణ పొందిన మూడో వారంలో ఉజ్జీవకూటాల్లో నేనే నిలబెట్టాను. అతను బాగా చెప్పాడు. జనం ఏడ్చారు. నాకు మంచి పేరు వచ్చింది. రెండు నెలల్లో అతను ఒక రాత్రి మళ్ళీ తాగాడు. పొద్దున్నే ఊరంతా తెలిసింది, ఎందుకంటే ఊరంతటికీ అతని సాక్ష్యం వినిపించింది నేనే. అతను సిగ్గుతో మందిరం గడప తొక్కలేదు. నేను ఇంటికి వెళితే వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాడు. తర్వాత కుటుంబంతో పని వెతుక్కుంటూ వేరే జిల్లాకు పోయాడు. ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఒక్క రాత్రి పడినందుకు అతను పోలేదు. పడినవాడు తిరిగి రావడానికి నేను దారి మిగల్చకపోవడం వల్ల పోయాడు. ఈ మాట నేను ప్రభువు ముందు చాలాసార్లు ఒప్పుకున్నాను, ఈరోజు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

గలతీ పత్రిక 6వ అధ్యాయం మొదట్లో పౌలు, తప్పులో చిక్కుకున్నవాణ్ణి నెమ్మదితో తిరిగి సరిచేయమని సంఘానికి చెబుతాడు. అక్కడ గ్రీకులో ఉన్న క్రియనే మత్తయి 4వ అధ్యాయంలో జెబెదయి కుమారులు దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారన్న చోట కూడా వాడారు. వల బాగుచేయడం చూసినవారికి తెలుసు, అది తొందరపడితే అయ్యే పని కాదు. చిరిగిన చోటు వెతకాలి, ఒక్కో కన్ను కలపాలి. ఆ పని ఒడ్డున కూర్చుని చేస్తారు, నడిసంద్రంలో కాదు.

పౌలునే చూడండి. దమస్కులో మారుమనసు పొందాక ఆయన వెంటనే ప్రకటించిన మాట నిజమే. అయితే అరేబియాకు వెళ్ళాడు, మూడేళ్ళ తర్వాత గాని యెరూషలేములో కేఫాను కలుసుకోలేదు. మార్కు అనబడిన యోహాను మధ్యలో వదిలి వెళ్ళిపోయాడు. బర్నబా అతన్ని దగ్గరకు తీసుకున్నాడు. చాలా ఏళ్ళకు పౌలే చెరలోనుంచి, అతను నాకు పనికివస్తాడు, తీసుకురమ్మని తిమోతికి రాశాడు. ఈ మధ్య కాలంలో జరిగిన శ్రుతి చేయడం గురించి బైబిలు ఎక్కువ చెప్పదు. అది ఇంటి లోపల జరిగిన పని.

కొందరు అడుగుతారు: సమరయ స్త్రీ ఆ రోజే ఊళ్ళోకి వెళ్ళి చెప్పలేదా? గెరాసేనుల దేశంలో దయ్యాలు పట్టినవాడు వెంటనే చెప్పలేదా? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ మనిషిని ప్రభువు ఎక్కడికి పంపాడో చూడండి. తనతో పడవ ఎక్కనివ్వలేదు, నీ ఇంటివారి దగ్గరకు పొమ్మన్నాడు. మన సహోదరుడు కూడా ఇంట్లో సాక్ష్యం చెబుతూనే ఉన్నాడు. కూలి డబ్బు తెచ్చి భార్య చేతిలో పెట్టిన ప్రతి సాయంత్రమూ అతని సాక్ష్యమే. దాన్ని నోటితో చెప్పనివ్వకుండా నేను ఆపడం లేదు. మైకు ముందు పెట్టవద్దంటున్నాను.

మరికొందరు, అయితే అతన్ని చివరి వరసలోనే ఉంచేద్దామా అంటారు. అదీ తప్పే. క్రిస్తోఫోరి చేసిన పియానోల్లో మూడే ఇప్పటికి మిగిలాయి. రోములో ఉన్న 1722 నాటిదాన్ని పురుగు తొలిచింది, అది వాయించే స్థితిలో లేదు. మ్యూజియంలో అలా ఉన్నా ఫరవాలేదు, చూడడానికే కదా. సంఘం మ్యూజియం కాదు. బాగుచేసిన పియానో పలకాలి. ఆ సహోదరుడు ఒకరోజు ఈ సంఘంలో పలుకుతాడు, పరిచర్య చేస్తాడు. ఆ రోజును మన ఉత్సాహం కాక అతని లోపల దేవుడు చేసే పని నిర్ణయించనివ్వండి.

కనుక నేను మిమ్మల్ని మూడు సంగతులు వేడుకుంటున్నాను. తిరిగి వచ్చినవారు ఎవరైనా సరే, కనీసం ఒక సంవత్సరం వేదిక మీద సాక్ష్యం అడగవద్దు. ఆ సంవత్సరమంతా ఒక పెద్ద వారానికి ఒకసారి వారి ఇంటికి వెళ్ళాలి. బోధించడానికి కాదు, కూర్చుని మజ్జిగ తాగి, కలిసి ప్రార్థన చేసి రావడానికి. మధ్యలో వారు జారితే ఆ మాట బావి దగ్గరా టీ కొట్టు దగ్గరా ఎత్తవద్దు, నాకు చెప్పండి, ఇద్దరం కలిసి వెళదాం. పాపాన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పడం లేదు. మాస్టారు అపశ్రుతిని ఎన్నడూ సరే అనలేదు. మళ్ళీ వచ్చి మళ్ళీ బిగించాడు.

మనలో ప్రతివారి లోపలా పెన్సిలుతో రాసిన కొన్ని పేర్లుంటాయి. ఓపికతో మనల్ని విప్పి, బాగుచేసి, మళ్ళీ మళ్ళీ వచ్చినవారి పేర్లు. ఈ రాత్రి వారిని తలచుకుని దేవునికి స్తోత్రం చెప్పండి. తర్వాత మన సహోదరుని కోసం, అతని ఇంటివారి కోసం ప్రార్థించండి. పన్నెండేళ్ళ కిందట నేను పోగొట్టుకున్న ఆ మనిషి ఎక్కడున్నా, ఏదో ఒక సంఘం అతన్ని నాకన్నా ఓపికగా చేర్చుకుని ఉండాలని కూడా ప్రార్థించండి.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు