‘కరిష్యే’ అంటే చేస్తానని

మా మేనకోడలు ఇంటర్ రెండో ఏడాది. దాని నోటుబుక్కులో పేజీలకు పేజీలు ఒకటే వాక్యం: “నాకు ఎంసెట్‌లో 500 లోపు ర్యాంకు వచ్చేసింది.” పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరు, రాత్రి తొమ్మిది. ఇదేమిటే అంటే, “త్రీ సిక్స్ నైన్ పద్ధతి మామయ్యా, టెస్లా చెప్పాడట” అంది. పాపం టెస్లా! మోటార్లు చేసుకున్న మనిషి.

అంతటితో ఆగితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. మా అక్క వెళ్లొచ్చిన ఓ వారాంతపు క్లాసులో గురువుగారు సెలవిచ్చారట: 2006లో రోండా బర్న్ ‘ది సీక్రెట్’ పుస్తకంలో చెప్పినదాంట్లో కొత్తేమీ లేదు, మన పూజలో సంకల్పం అంటే అదే, కోరిక గట్టిగా తలచుకో, ఆపైన పట్టు వదిలెయ్, విశ్వమే చూసుకుంటుంది అని. ఈ మాటకు తలా తప్పే, తోకా తప్పే.

పీట మీద కూర్చుని సంకల్పం చెప్పుకున్నవాళ్లకు తెలుసు, అక్కడ ముందు వచ్చేది కోరిక కాదు, చిరునామా. శ్రీశైలానికి మనం ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం, ఏ సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. తర్వాత గోత్రం, పేరు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలోనైతే జంబూద్వీపం పోయి క్రౌంచద్వీపం వస్తుంది. సొంతిల్లయితే ‘స్వగృహే’, అద్దిల్లయితే ‘వసతిగృహే’. కొత్త ఫ్లాట్‌లో వ్రతానికి కూర్చున్నప్పుడు పంతులుగారు “సొంతమేనా?” అని అడిగితే మా బావ నసిగాడు: “ఇంకా 17 ఏళ్ల ఈఎంఐ ఉందండీ.” ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వి, ‘స్వగృహే’ అనిపించారు. ఆ ఒక్క క్షణం ఆగారు చూడండి, సంకల్పం పట్టింపు అదీ. ఉన్నచోటు ఉన్నట్టు చెప్పాలి. అద్దెకున్నవాడు “నాకు సొంతిల్లు వచ్చేసింది” అని రాసుకోవడం దీనికి సరిగ్గా తలకిందులు.

మరి కోరిక లేదా అంటే, ఉంది. ఆయురారోగ్యాలు, ఐశ్వర్యం, విజయం వరసగా వస్తాయి, మనవాళ్లేం తక్కువ తినలేదు. కానీ ఆ కోరికల దండకు చివర ‘అర్థం’ ఉంటుంది, అంటే ‘కోసం’. వాక్యాన్ని ముగించే క్రియ ‘కరిష్యే’. చేస్తాను. లభించింది అని కాదు, ప్రసాదించు అని కూడా కాదు. వ్యాకరణం చదువుకున్నవాళ్లు అడ్డు తగలొచ్చు, అది ఆత్మనేపదం, ఫలం కర్తకే చెందేటప్పుడు వాడే రూపం కదా అని. నిజమే. ఫలం నాకోసమేనని దాచకుండా ఒప్పుకుంటూనే, మాట ఇస్తున్నది మాత్రం పని గురించి. ఆ మాట అనగానే అక్షింతలతో నీళ్లు పళ్లెంలోకి వదులుతాం. వ్యవహారంలో నీళ్లొదులుకోవడమంటే ఆశ చాలించుకోవడం. పూజలో మాత్రం నీళ్లు వదిలాకే పని మొదలవుతుంది.

ఇక పట్టు వదలడం. గీత రెండో అధ్యాయం 47వ శ్లోకంలో మొదటి సగం అందరికీ కంఠస్థమే. ఫలం నా చేతిలో లేదు గనక ఊరికే కూర్చుంటానంటావేమో, అలా కూర్చోవడం మీద కూడా మమకారం పెట్టుకోకు అని నాలుగో పాదం హెచ్చరిస్తుంది. ఆ పాదం క్లాసుల్లో వినపడదు. 18వ అధ్యాయం 14వ శ్లోకం ఇంకా లెక్కగా మాట్లాడుతుంది: ఏ పనికైనా ఐదు కారణాలు. ఆధారంగా ఉన్న చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. చేసేవాడు ఐదింట్లో ఒకడు, అంతే. మా పిల్ల సంగతే చూడండి. ర్యాంకన్నది పక్కవాళ్ల మార్కులు కలిస్తే పుట్టే అంకె, దాన్ని ఇది ఎలా పట్టుకుంటుంది? పేపరు ఎలా వస్తుందో, ఆ పూట తలనొప్పి వస్తుందో రాదో దీని చేతిలో లేదు. ఇంటిగ్రేషన్ లెక్కలు ఉన్నాయి. వదలాల్సింది ర్యాంకుని, లెక్కల్ని కాదు. హోమంలో ‘న మమ’ అంటాం, ఇది నాది కాదని. చేతిలో నెయ్యి ఉన్నవాడే ఆ మాట అనగలడు, వట్టి చేతులవాడు దేన్ని వదులుతాడు?

శాస్త్రాలు వద్దు, సైన్సు కావాలంటారా? న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే గాబ్రియేల్ ఓటింగెన్, డోరిస్ మాయర్‌తో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఉద్యోగాల వేటలో ఉన్న పట్టభద్రుల్లో, అంతా బ్రహ్మాండంగా జరిగిపోయినట్టు ఎక్కువగా ఊహల్లో తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు. వచ్చిన ఆఫర్లూ తక్కువే, జీతాలూ తక్కువే. ఉద్యోగం వస్తుందన్న నమ్మకం వేరు, అది ఉన్నవాళ్లు బాగానే నెగ్గారు. దెబ్బతీసింది వచ్చేసిందన్న పగటికలే.

మేనకోడలితో ఇదంతా అనలేదు. “రోజుకి పద్దెనిమిదిసార్లు రాసే టైములో లెక్కలెన్ని అవుతాయే?” అన్నాను. “రెండు” అంది, మొహం చిట్లించుకుని. మా అక్క మాత్రం ఫీజు తిరిగిస్తారేమో అడగమంటోంది. దానికి నీళ్లొదులుకోవచ్చు.