సైనిక విమానముల పొగ

పౌర విమానపు ఇంజను ఎంత పొగ విడువవచ్చునో నిర్ణయించు నియమములు గలవు. అదే బాటపైనుండి లేచు సైనిక విమానమునకు అవి వర్తింపవు. 1944లో షికాగోనందు కుదిరిన ఒడంబడిక సైన్యము, సుంకము, పోలీసు శాఖల విమానములను తన పరిధినుండి తప్పించినది. దాని ననుసరించి 1981లో ఏర్పడిన ఇంజను పొగ నియమములును పౌర విమానములకే పరిమితములైనవి. పీల్చువాని ఊపిరితిత్తులకు ఈ భేదము తెలియునా?

కొలుచుట అసాధ్యమనుటకు వీలులేదు. ఇంజనును పరీక్షాగృహమున బిగించి, దాని వెనుక సన్నని నాళము నుంచి వాయువులను లాగి శోధింతురు. పొగను తెల్లని వడపోత కాగితముగుండ పోనిచ్చి, అది యెంత నల్లబడెనో చూచి అంకె కట్టుదురు. ఇంజను మందముగ తిరుగునప్పుడు కార్బన్ మోనాక్సైడును, కాలని ఇంధనమును హెచ్చు. పూర్ణబలముతో లేచునప్పుడు నత్రజని ఆక్సైడులు హెచ్చు. యుద్ధవిమానములందు వెనుక గొట్టములో మరల ఇంధనమును మండించు పద్ధతి గలదు గనుక దానికి ప్రత్యేకపు లెక్క కావలెను. ఇది శ్రమయే గాని అసాధ్యము గాదు.

తగ్గించుటయు అట్టిదే. అమెరికావారి ఫాంటం విమానముల జె-79 ఇంజనుల నల్లని పొగ వియత్నాం యుద్ధమున శత్రువునకు దూరమునుండియే ఆనవాలు పట్టించెను. పిమ్మట పొగ తక్కువగు దహనపేటికలు వచ్చినవి. వైమానికుని ప్రాణమునకై చేసిన ఆ పని మెచ్చదగినదే. దిగువనున్న గ్రామస్థుని ఊపిరికై అట్టి శ్రద్ధ ఏల కనబడదు?

కాలిఫోర్నియా రాష్ట్రము ఈ విషయమై నౌకాదళముతో వ్యాజ్యమాడినది. ఇంజనులను పరీక్షించు గృహముల పొగ తన చట్టమునకు లోబడవలెనని రాష్ట్రము వాదించెను. విమానముల ఇంజనులపై రాష్ట్రములకు అధికారము లేదని నౌకాదళము ప్రతివాదించెను. పరీక్షాగృహముపై విధించిన నియమము విమానముపై విధించినట్లు కాదని 1980లో అప్పీలు న్యాయస్థానము రాష్ట్రమునకే జయమిచ్చినది.

ఈ తీర్పు మనకును దారి చూపుచున్నది. ఒడిశాలోని సునాబేడయందు మన యుద్ధవిమానముల ఇంజనులు తయారగుచున్నవి. పరీక్షాపీఠముపై ఇంజను కదలదు. దాని పొగను కొలిచినంతమాత్రమున సేనల సంచారము బయటపడదు. ప్రతి ఇంజను రకమునకును పొగ అంకెను, వాయువుల తూనికను నిర్ణయించి కాలుష్య నియంత్రణ మండలికి తెలుపునట్లు ప్రభుత్వము శాసింపవలెను. రణరంగమున మినహాయింపు ఉండవచ్చును. శాంతికాలపు అభ్యాసమున ఏల?

దేశమును కాచు సైన్యమునకు దేశప్రజలు పీల్చు గాలిని కాచుట పరధర్మము కాదు.