కోతకూ కోతకూ మధ్య మలావి కుటుంబం

మలావి పల్లెల్లో ఏప్రిల్, మే నెలలు కడుపు నిండే నెలలు. మొక్కజొన్న కోతలు ముగిసి ప్రతి ఇంట్లో ఎంతో కొంత గింజ ఉంటుంది. అవే ఇళ్లలో డిసెంబరు దాటేసరికి పొయ్యి రోజుకు ఒక్కసారి వెలగడమే కష్టమవుతుంది. పంట బాగా పండిన ఏడాది కూడా చాలా కుటుంబాలకు ఈ ఆకలి నెలలు తప్పవు. ఆ దేశపు పేదరికం ఎందుకు తరగడం లేదో తెలియాలంటే చూడవలసింది ఈ నెలలనే.

ఆగ్నేయ ఆఫ్రికాలో సముద్రతీరం లేని దేశం మలావి. 1964లో బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. 2018 జనాభా లెక్కల్లో కోటీ 75 లక్షల మంది తేలారు. వారిలో నూటికి 84 మంది పల్లెల్లోనే ఉన్నారు. ప్రభుత్వం జరిపిన కుటుంబ సర్వేల ప్రకారం 2010లో పేదలు జనాభాలో సగం. 2019లో మళ్లీ లెక్క వేస్తే అప్పుడూ సగమే. ప్రపంచ బ్యాంకు వాడిన రోజుకు 2.15 డాలర్ల కొలతతో చూస్తే పేదల వాటా 70 శాతం దాకా ఉంది. ఆ రెండు సర్వేల మధ్య ఎరువుల సబ్సిడీ నడిచింది, విదేశీ సాయం వచ్చింది, యుద్ధం ఊసే లేదు. అయినా ఆ సగం కదలలేదు. దీనికి జనాభా పెరుగుదలను, అవినీతిని, జనం సోమరితనాన్ని కారణాలుగా చెబుతుంటారు. మొదటి రెండింటిలో కొంత నిజం ఉంది. మూడోది వట్టి అపవాదు. చేతికి డబ్బు వచ్చే నెల ఒకటి, డబ్బు లేనిదే గడవని నెల మరొకటి కావడమే అసలు చిక్కు.

మలావిలో వర్షాకాలం ఒక్కటే. నవంబరులో తొలకరి పడి ఏప్రిల్ నాటికి వానలు ఆగిపోతాయి. సాగునీటి వసతి ఉన్న భూమి బహు స్వల్పం కాబట్టి ఎక్కువ మందికి ఏడాదికి ఒకటే పంట. సన్నకారు కుటుంబానికి సగటున హెక్టారు భూమి కూడా లేదు. జనం కిక్కిరిసిన దక్షిణాదిలో థ్యోలో, ములాంజే, ఫలోంబే జిల్లాల్లో ఇంకా తక్కువ. ఉన్న కాస్త చెక్కలో వేసేది మొక్కజొన్నే. రాయలసీమ సంకటిని పోలిన ఎన్‌సిమా వారికి అన్నం. గుమ్మడాకు కూరో, చిక్కుడాకు కూరో, సరస్సులో దొరికే ఉసిపా అనే చిన్న చేపలో దానికి తోడు.

ఈ గింజ ఏడాది పొడుగునా రాకపోవడానికి తక్కువ పండటం ఒక్కటే కారణం కాదు. పండినదాంట్లో కొంత కోత కాగానే అమ్మక తప్పదు. ఆకలి నెలల్లో చేసిన అప్పు, ఉప్పు, సబ్బు, బట్టలు, పిల్లల నోటు పుస్తకాలు, ఆసుపత్రికి వెళ్లే దారి ఖర్చు అన్నీ కోత కోసమే ఎదురుచూస్తుంటాయి. నిల్వ చేసుకుందామంటే పురుగు భయం. పాత నాటు రకాల గింజ గట్టిగా ఉండి కొంత తట్టుకునేది. ఎక్కువ దిగుబడినిచ్చే హైబ్రిడ్ రకాల్లో చాలావాటి గింజ మెత్తన. పురుగుకు త్వరగా లొంగిపోతుంది. దొంగల భయం కూడా ఉంది. అందుకే ఆరుబయట అల్లిన గాదెలు తగ్గి, గింజ ఒలిచి బస్తాల్లో ఇంట్లో పెట్టుకోవడం పెరిగింది. ప్రభుత్వం ఏటా కనీస ధర ప్రకటిస్తుంది. కానీ ప్రభుత్వ కొనుగోలు సంస్థ అడ్మార్క్ కేంద్రాలు తరచూ సమయానికి తెరుచుకోవు, తెరిచినా డబ్బు ఉండదు. ఈలోగా దళారులు తమ కాటాలతో గడప ముందుకే వస్తారు. అలా మేలో అమ్మిన మొక్కజొన్ననే రైతు జనవరిలో తిరిగి కొనుక్కోవాలి. అప్పటికి ధర రెట్టింపు కావడం అరుదేమీ కాదు.

కొనడానికి డబ్బు ఎక్కడిది? ఇక్కడే గన్యు వస్తుంది. పక్కవాడి చేలో ఇన్ని సాళ్లు తవ్వితే ఇంత, ఇంత మేర కలుపు తీస్తే ఇంత అని గుత్తకు మాట్లాడుకుని చేసే కూలిపని ఇది. కూలి డబ్బుగా ఇవ్వవచ్చు, ఒక్కోసారి ఒక బేసిన్ పిండే కూలి. ఇంట్లో గింజ నిండుకునేది డిసెంబరు, జనవరి నెలల్లో. సొంత చేనుకు కలుపు తీయవలసింది, ఎరువు వేయవలసింది కూడా సరిగ్గా అప్పుడే. తెల్లవారగానే భార్యాభర్తలు పరాయి చేనుకు పోతే సొంత చేలో కలుపు పైరును మింగేస్తుంది. పోకపోతే ఆ రాత్రి పిల్లలు పస్తు. రేపటి పంట కంటే ఈ రాత్రి కూడు ముఖ్యమని ఏ తల్లి అయినా తేల్చుకుంటుంది. ఆ నిర్ణయానికి మూల్యం మేలో తగ్గిన దిగుబడి రూపంలో చెల్లుతుంది. దిగుబడి తగ్గితే వచ్చే ఏడాది గింజ ఇంకా ముందే అయిపోతుంది, కూలికి ఇంకా ముందే పోవాలి. పైగా ఊరంతా ఒకేసారి పనికి ఎగబడటంతో కూలి రేటు కూడా ఆ నెలల్లోనే పడిపోతుంది.

ఇది కేవలం ఊహ కాదు. మలావి సరిహద్దుకు ఆవల జాంబియాలో చిపాటా జిల్లా ఉంది. అక్కడి నేల, పంట, గన్యు పద్ధతి మలావి మధ్య ప్రాంతంలో ఉన్నటువంటివే. గుంథర్ ఫింక్, కెల్సీ జాక్, ఫెలిక్స్ మసియే అనే ఆర్థికవేత్తలు ఆ జిల్లా పల్లెల్లో కొన్ని కుటుంబాలకు జనవరిలో కొద్దిపాటి అప్పు ఇప్పించారు. కొందరికి నగదుగా, కొందరికి మొక్కజొన్నగా. కోత అయ్యాక తీర్చాలి. వారి ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. అప్పు అందిన ఇళ్లవాళ్లు పరాయి పనికి పోవడం తగ్గించి సొంత చేలో ఎక్కువసేపు పనిచేశారు. తిండి మెరుగుపడింది, దిగుబడి పెరిగింది. కూలికి వచ్చేవాళ్లు తగ్గడంతో ఊళ్లో కూలి రేటు కూడా పెరిగింది. తీసుకున్న అప్పును అత్యధికులు తీర్చేశారు. పేదవాడికి డబ్బిస్తే తగలేస్తాడనే మాట ఎంత బోలుదో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆకలి నెలలను ఇళ్లు గట్టెక్కే తీరు ఊరూరా దాదాపు ఒకటే. ముందు మూడు పూటలు రెండవుతాయి, తర్వాత ఒకటవుతుంది. ముద్ద పలచబడి జావ అవుతుంది. తెల్ల పిండి ఆడించగా మిగిలే తవుడును, మామూలు రోజుల్లో కోళ్లకు వేసేదాన్ని, జల్లించి వండుకుంటారు. డిసెంబరులో పచ్చి మామిడికాయలు కడుపు నింపుతాయి. దక్షిణాన షిరే నది లోయలో, న్సాంజే, చిక్వావా జిల్లాల్లో మొసళ్లుండే నీళ్లలోకి దిగి నీటికలువ దుంపలు తవ్వి తెస్తారు. తర్వాత కోళ్లు, మేకలు, పైకప్పు రేకులు అమ్ముడుపోతాయి. ఫిబ్రవరిలో ఇంకా ముదరని కంకులనే విరిచి తింటారు. అంటే రాబోయే కోతను అప్పుడే కొంత తినేసినట్టు.

ఈ నెలల ముద్ర పిల్లల ఒంటి మీద పడుతుంది. 2015-16 ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 37 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 2010లో ఇది 47 శాతం. తగ్గుదల నిజమే, సంతోషించదగ్గదే. కానీ ముగ్గురిలో ఒకరికి పైగా ఇంకా మిగిలే ఉన్నారు. చదువుకూ ఇదే గండం. 1994లో ప్రాథమిక విద్యకు ఫీజులు రద్దు కాగానే బడిలో చేరిన పిల్లలు 19 లక్షల నుంచి దాదాపు 30 లక్షలకు పెరిగారు. బడికి పంపాలన్న కోరిక తల్లిదండ్రుల్లో ఎంత బలంగా ఉందో ఆ ఒక్క ఏడాదే చాటింది. ఆకలి నెలల్లో మాత్రం హాజరు పడిపోతుంది. అందుకే మొక్కజొన్న, సోయా కలిపిన జావ ఒక కప్పు పెట్టే బళ్లకు పిల్లలు ఎక్కువగా వస్తారు. సెకండరీ స్కూలుకు ఫీజులు ఆ తరువాతా చాలాకాలం కొనసాగాయి. గాలిమర కట్టి ప్రపంచానికి తెలిసిన విలియం కమ్‌క్వాంబా 2002 కరువులో ఫీజు కట్టలేక కసుంగు జిల్లాలో చదువు మానేసిన పిల్లవాడే. అతడు ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు పట్టుకున్నాడు. అలా చదువు ఆగిపోయిన మిగతావాళ్లలో చాలామంది గన్యుకు పోయారు. ఆడపిల్లల విషయంలో ఇంట్లో ఒక పళ్లెం తగ్గుతుందన్న లెక్క కూడా తోడవుతుంది. వివాహానికి కనీస వయసు 18 ఏళ్లని 2015లో చట్టం చేసి, 2017లో రాజ్యాంగాన్ని కూడా సవరించినా బాల్యవివాహాలు ఆగలేదు.

భారం ఎక్కువగా పడేది ఆడవాళ్ల మీద. మధ్య, దక్షిణ ప్రాంతాల్లో చేవా, యావో, లోమ్‌వే ప్రజల్లో భూమి తల్లి నుంచి కూతుళ్లకు సంక్రమిస్తుంది. అది గొప్ప ఆసరా. కానీ తరం మారేకొద్దీ ఆ చెక్క ముక్కలవుతూ వచ్చింది. నీళ్లు మోయడం, కట్టెలు తేవడం, కలుపు, వంట వాళ్లవే. భర్తలు దక్షిణాఫ్రికాకు వలసపోయిన ఇళ్లు మంగోచి వైపు ఎన్నో. హెచ్‌ఐవీ తల్లిదండ్రులను తీసుకుపోయిన ఇళ్లలో మనవలను సాకుతున్నది అమ్మమ్మలు, నాయనమ్మలే.

చేతిలో నగదు ఆడాలంటే అమ్ముడుపోయే పంట కావాలి. దేశపు ఎగుమతుల్లో పెద్ద వాటా పొగాకుది. పెద్ద కమతాల్లో పొగాకు పండించే కౌలు కుటుంబాలకు యజమాని తిండిగింజ, ఎరువు అప్పుగా ఇచ్చి, అమ్మకం నాడు అన్నీ కోసుకునేవాడు. ఏడాది శ్రమకు చివరికి మిగిలేది అప్పే. ఈ కౌలు పద్ధతిని 2021లో చట్టం నిషేధించింది. దక్షిణాదిలో మరో నగదు పంట కంది. మొక్కజొన్న సాళ్ల మధ్య వేస్తారు, అది కోసిన కొన్ని నెలలకు ఇది చేతికొస్తుంది. కందిపప్పు తెలుగువాళ్ల రోజువారీ కూడు కాబట్టి ఈ పంట సంగతి ఇక్కడి పాఠకులకు దూరమైనది కాదు. మలావి కందులకు పెద్ద కొనుగోలుదారు భారతదేశమే. 2015లో పప్పు కిలో 200 రూపాయలకు ఎగబాకినప్పుడు భారత్ ఆఫ్రికా కందుల కోసం వెతికింది, అక్కడి రైతులు ఆశతో సాగు పెంచారు. 2016-17లో ఇక్కడ పంట విరగబండి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర రైతులకే మద్దతు ధర దక్కలేదు. 2017 ఆగస్టులో భారత్ కంది దిగుమతులకు ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. మలావిలో అది సరిగ్గా కందులు అమ్ముకునే కాలం. ధర కుప్పకూలింది. తన రైతును కాచుకోవడం ఏ ప్రభుత్వానికైనా ధర్మమే. కానీ విత్తనం వేసేలా ఆశపెట్టి, పంట చేతికొచ్చిన నెలలో తలుపు వేయడం న్యాయం కాదు. 2021లో ఏటా 50 వేల టన్నులు కొంటామని మలావితో కుదిరిన అయిదేళ్ల ఒప్పందం ఆ పాఠం నుంచి పుట్టిన సవరణే. ముందుగా తెలిసిన పరిమాణం రైతుకు ఎంతో మేలు. అయితే ఓడ ఎక్కే దగ్గర దొరికే ధర పల్లె గడప దాకా చేరేలా చూసే ఏర్పాటు ఒప్పందంలో లేదు.

ఇక మలావి ప్రభుత్వం చేసిందేమిటో చూద్దాం. 2001 నాటికి ధాన్యం నిల్వలు అమ్మేశారు, పంట కూడా దెబ్బతింది, 2002 కరువు వచ్చింది. మృతులు వందల్లో అని కొందరు, వేలల్లో అని కొందరు అంటారు. ఆ గాయం నుంచే 2005లో బింగు వా ముతారికా ప్రభుత్వం ఎరువుల సబ్సిడీ మొదలుపెట్టింది. దిగుబడి పెరిగింది, కొన్నేళ్లు మలావి పొరుగు దేశాలకు మొక్కజొన్న అమ్మింది కూడా. తర్వాత అదే పథకం వ్యవసాయ బడ్జెట్‌లో సింహభాగం తినేసింది. నిల్వకు, రోడ్లకు, సాగునీటికి మిగిలింది అంతంతే. 2020లో దాన్ని మార్చి మరింత విస్తరించారు. అంతలో ఉక్రెయిన్ యుద్ధంతో ఎరువు ధర పెరిగింది, డాలర్లు కరువయ్యాయి. 2023 నవంబరులో ఒక్కరోజులో డాలరు విలువ 1,180 క్వాచాల (మలావి కరెన్సీ) నుంచి 1,700కు చేరింది. ఎరువు బస్తా, వంటనూనె, బస్సు చార్జీ అన్నీ దానితో పాటే పెరిగాయి. దానికి కొద్ది నెలల ముందు, మార్చిలో ఫ్రెడ్డీ తుపానులో దక్షిణాదిన వెయ్యి మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు, నిలువుపంట ఊడ్చుకుపోయింది. మరుసటి ఏడాది అనావృష్టి. 28 జిల్లాల్లో 23 విపత్తు ప్రాంతాలయ్యాయి. ఇలాంటి విపత్తు లేని ఏడాది కూడా, ఎరువు ఇచ్చినా కలుపు తీసే చేతులు జనవరిలో పరాయి చేలో ఉంటే ఆ ఎరువుకు ఫలితం సగమే.

నగదు సాయం కూడా ఉంది. 2006లో మ్చింజి జిల్లాలో మొదలై దేశమంతా విస్తరించిన మ్టుకులా పఖోమో పథకం అత్యంత పేద కుటుంబాలకు కొద్ది మొత్తం ఇస్తుంది. సలీమా, మంగోచి జిల్లాల్లో జరిగిన మదింపులో తిండి, బడి హాజరు, ఇంటి పశువులు పెరిగాయని తేలింది. మంచి పథకం. కానీ అర్హత నిబంధన ప్రకారం అది పనిచేసే చేతులు తక్కువైన ఇళ్లకే: వృద్ధులు, వికలాంగులు, అనాథలను సాకే ముసలివాళ్లకు. వారికి ఇవ్వడం సబబే. ఒంట్లో సత్తువ ఉండి, జనవరిలో పొరుగు చేనుకు పోక తప్పని యువ దంపతులు మాత్రం లెక్కలోకి రారు. వాళ్లకు మిగిలేది ఊరి పొదుపు సంఘాలే. వాటి సొమ్మును క్రిస్మస్ ముందు పంచుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉంది; ఆకలి నెలలకు కాస్త ఆసరా అవుతుంది, కానీ అసలే చాలని సంపాదన నుంచి కూడబెట్టిన మొత్తం ఎంతని? కరువు ఏడాది అత్యవసర సాయం ప్రకటించినా అది పల్లెకు చేరేసరికి తరచూ కలుపు కాలం సగం గడిచిపోతుంది. అదే మొత్తాన్ని నవంబరులో, తొలకరి ముందు, కోత మీద తీర్చే అప్పుగానైనా ఇవ్వగలిగితే ఆ దంపతులు మొదటి కలుపు తమ చేలోనే తీసుకోగలరు. మేలో అడ్మార్క్ కేంద్రాలు డబ్బుతో తెరుచుకుంటే ఆ అప్పు తీరడానికి గింజ తెగనమ్మే పని ఉండదు. రెండింటికీ కొత్త శాఖలు అక్కర్లేదు. ఎరువు మీద పెట్టే ఖర్చులో కొంత మళ్లించి, సరైన నెలలో అందిస్తే సరిపోతుంది.