రాళ్ల సీమలో భూగర్భ శాస్త్ర పట్టభద్రులకు కొలువులేవీ?

ఒంగోలు: చీమకుర్తి, రామతీర్థం క్వారీల నల్ల గెలాక్సీ రాయి దేశదేశాలకు తరలిపోతోంది. పల్నాటి సున్నపురాయిపై మాచర్ల, దాచేపల్లి సిమెంటు కర్మాగారాలు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు నడుస్తున్నాయి. కాలువ నీరు అందని చోట పత్తి, మిరప రైతుకు బోరే దిక్కు. భూగర్భం మీద ఇంతగా ఆధారపడిన ప్రాంతంలో జియాలజీ చదివిన యువకుడికి మాత్రం సొంత గడ్డపై ఉపాధి అంతంతమాత్రమే.

ఇందుకు ఒక కారణం చట్టంలోనే ఉంది. ఖనిజ పరిరక్షణ, అభివృద్ధి నియమావళి-2017 ప్రకారం యంత్రాలతో నడిచే పెద్ద గనుల్లో పూర్తికాలపు జియాలజిస్టును నియమించడం తప్పనిసరి. సిమెంటు కర్మాగారాల సున్నపురాయి గనులు దీని కిందికి వస్తాయి. గ్రానైటు చిన్నతరహా ఖనిజం కనుక ఆ నియమావళి దానికి వర్తించదు. శాస్త్రరీత్యా గెలాక్సీ రాయి అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి శిల. అందులో మెరిసే చుక్కలు బ్రాంజైటు రేణువులు. వ్యాపారులు పెట్టిన పేరే నిలిచిపోయింది. క్వారీ యజమానులు మైనింగ్ డిప్లొమా, ఫోర్‌మన్, మేట్ ధ్రువపత్రాలు ఉన్నవారి కోసం వెతుకుతారు గానీ శిలల పుట్టుక తెలిసినవారి కోసం కాదు.

పెద్ద గనుల్లోనూ బీఎస్సీ చాలదు. నియమావళి కోరేది జియాలజీలో పీజీ. గనుల తవ్వకపు ప్రణాళిక తయారుచేయాలంటే పీజీకి తోడు గనుల్లో పర్యవేక్షక హోదాలో అయిదేళ్ల అనుభవం ఉండాలి. డిగ్రీతో ఆగిపోయినవారు ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకోవచ్చు గానీ, చదివిన చదువుతో దానికి సంబంధం ఉండదు.

బోరు ముందు కొబ్బరికాయ

అసలు అవసరం నీటి విషయంలో ఉంది. కనిగిరి, పామూరు వంటి మెట్ట ప్రాంతాల్లో రాతి పొరల పగుళ్లలోనే నీరు దొరుకుతుంది. పగులు తప్పితే బోరు వట్టిదే. అయినా అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసేవారి మాట మీదే పలువురు రైతులు అప్పు తెచ్చి తవ్విస్తున్నారు. నేలలోకి విద్యుత్తు పంపి పొరల స్వభావాన్ని అంచనా కట్టే రెసిస్టివిటీ సర్వే కూడా నూటికి నూరుపాళ్లు నిజం కాకపోవచ్చు. అయితే అది గుడ్డి నమ్మకం కాదు. నీరు పడినా ఫ్లోరైడ్ బెడద ఉండనే ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగరాదు. ఏ రాతిలోంచి ఏ నీరు వస్తుందో చెప్పవలసింది జియాలజిస్టే.

2020లో మొదలైన వైఎస్సార్ జలకళ పథకంలో బోరుకు ముందు భూగర్భ సర్వే చేయించారు. పథకాల మీద నడిచే పని పథకం ఉన్నంత వరకే. రైతు స్వయంగా రుసుము చెల్లించి సర్వే చేయించుకునే అలవాటు కలిగితేనే ఈ మండలాల్లో స్వయం ఉపాధికి దారి ఏర్పడుతుంది. బోరుకయ్యే ఖర్చుతో పోలిస్తే సర్వే ఖర్చు స్వల్పమే.

పెద్ద కొలువులకు పెద్ద పరీక్ష

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ), కేంద్ర భూగర్భజల మండలి కొలువులకు యూపీఎస్సీ సంయుక్త జియో సైంటిస్టు పరీక్షే ద్వారం. పీజీ ఉండి, 21 నుంచి 32 ఏళ్ల మధ్య వయసువారు అర్హులు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. 2020 నుంచి ప్రిలిమ్స్, మెయిన్స్ వేర్వేరుగా జరుగుతున్నాయి. మెయిన్స్‌లో వ్యాసరూప సమాధానాలు ఇంగ్లిషులోనే రాయాలి. పల్లెల నుంచి వచ్చిన తెలుగు మాధ్యమ విద్యార్థికి శిలాశాస్త్రం కన్నా ఇదే గట్టి రాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోనూ జియాలజీ విభాగాలు ఉన్నాయి.

సొరంగాలు, ఆనకట్టల పనుల్లోనూ వీరి అవసరం ఉంది. నల్లమల కొండలను తొలిచిన వెలిగొండ జంట సొరంగాలు ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడినవి. పనులు ఏళ్ల తరబడి సాగడానికి కొండ లోపలి రాతి స్వభావమూ ఒక కారణం. 1967లో ఒంగోలును భూకంపం కుదిపింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలు రావడంతో జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. అలాంటప్పుడు వివరణ కోసం హైదరాబాదు వైపు చూడవలసి వస్తోంది.

డిగ్రీలో ఈ శాస్త్రం ఎంచుకునేవారు పీజీ వరకు, అంటే కనీసం అయిదేళ్లు చదవగలమా అన్నది ముందే తేల్చుకోవాలి. పీజీ చేసేవారు చీమకుర్తి క్వారీలను, మార్కాపురం పలకల గనులను క్షేత్ర పర్యటనల్లో చూడడం మేలు. ఈ ప్రాంతపు భూగర్భ పటాలు జీఎస్ఐ వారి భూకోశ్ వెబ్‌సైటులో అందుబాటులో ఉన్నాయి.