కట్టు విప్పాక

మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారు ఇప్పుడు వీధికొకరైనా కనిపిస్తారు. వాకర్ పట్టుకుని నడుస్తుంటే అందరూ పక్కకు తప్పుకుంటారు. మణికట్టు కీలు మార్చుకున్నవారికి ఆ మర్యాద దక్కదు. అసలు ఈ ఆపరేషనే అరుదు. కొన్ని వారాలకు కట్టు విప్పితే పైకి కనిపించేది చేతి వెనక నిలువుగా ఒక మచ్చ మాత్రమే. ‘తగ్గిపోయిందిగా, ఆ బిందె కాస్త ఇలా అందుకో’ అన్న పిలుపు ఆ మర్నాడే వినిపిస్తుంది. చెయ్యి కోలుకోవడం మొదలుపెట్టేది నిజానికి అప్పుడే.

మణికట్టు కీలు మార్చే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1890లోనే బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్ క్షయతో పాడైన మణికట్టులో ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. 1960లలో అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్వాన్సన్ సిలికాన్ కీలు తెచ్చాడు. ఇప్పుడు వాడేది లోహం, గట్టి ప్లాస్టిక్. ఇంతకాలమైనా మోకాలి కీలంత ధీమా దీనికి రాలేదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. జబ్బు తినేయగా మిగిలిన వాటిలోనే కొత్త కీలు నాటుకోవాలి. వదులైతే ఎక్కువగా అరచేతి వైపే వదులవుతుంది.

దీని అవసరం పడేది ముఖ్యంగా రుమటాయిడ్ కీళ్లవాతం ముదిరినవారికి. ఆ జబ్బు మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వారికి మరో దారి కూడా ఉంది: ఎముకలను ప్లేటుతో కలిపి బిగించేయడం. అప్పుడు నొప్పి పోతుంది, పట్టు నిలుస్తుంది, చెయ్యి మాత్రం ఇక వంగదు. రెండు మణికట్లూ పాడైతే ఒకటి బిగించి, రెండోదానికి కీలు మార్చడమూ ఉంది. జడ వేసుకోవడానికి, అన్నం కలుపుకోవడానికి, కడుక్కోవడానికి ఒక్క చెయ్యైనా వంగాలి కదా. ఈ చివరి సంగతి సిగ్గుపడి డాక్టరు దగ్గర ఎత్తనివారే ఎక్కువ. ఎత్తాలి.

ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచాలి, వాపు దిగడానికి. మణికట్టును కదపకూడదు గానీ వేళ్లను మొదటి రోజు నుంచే ముడవాలి, చాపాలి. నొప్పికి జడిసి ఊరుకుంటే అవి బిగుసుకుపోతాయి. తర్వాత తీసి పెట్టుకునే స్ప్లింట్, ఫిజియోథెరపీ. పట్టు మెల్లగా నెలల మీద వస్తుంది. వచ్చినా పాత చెయ్యి రాదు. నొప్పి లేని చెయ్యి వస్తుంది. ఈ తేడా ముందే తెలిసినవారు తృప్తిగా ఉంటారు.

ఆ చేత్తో నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దని, అదీ జీవితాంతమని సాధారణంగా చెబుతారు. మన ఇళ్లలో ఆ లెక్కలో ఇమిడేవి ఎన్ని? నీళ్ల క్యాన్ 20 లీటర్లు. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు. బరువు మాట అలా ఉంచినా దుప్పట్లు మెలిపెట్టి పిండకూడదు, రోకలి ఎత్తకూడదు, నేల మీద అరచెయ్యి ఆన్చి లేవకూడదు. మోకాళ్లూ అరిగి చేతికర్ర మీద భారం వేసి నడిచేవారికి ఈ ఆపరేషన్ చేయడానికి వైద్యులు వెనకాడేది ఇందుకే.

నీళ్ల క్యాన్‌కు కుళాయి స్టాండు, మీట తిప్పే కుళాయిలు, తేలికైన గిన్నెలు కొనడం పెద్ద పని కాదు. కష్టమల్లా మనుషులతోనే. ‘నేను ఎత్తలేను’ అని ఆపరేషన్ అయిన ఆవిడ రోజుకు పదిసార్లు చెప్పుకోవలసి వస్తే పదకొండోసారి తనే ఎత్తేస్తుంది. బట్టలు పిండేదెవరో, ఫిజియోథెరపీకి వెళ్లే రోజు పొయ్యి దగ్గర నిలబడేదెవరో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే ఇంట్లో తేల్చుకోవాలి.